మైక్రాన్ల లెక్కలో మెరుపు: కారుకు మిషన్ పాలిష్

మిషన్ పాలిష్ అంటే కారు పెయింటు పైపొరను అతి పలుచగా, అంతటా సమంగా అరగదీయడం. దీనివల్ల పెయింటుకు కొత్తగా చేరేది ఏమీ ఉండదు. ఉన్న పొరలోంచే ఒకటో రెండో మైక్రాన్లు పోతాయి. అలా అరిగిన చోట ఉపరితలం నునుపు తేలి, మీద పడిన వెలుగును చెదరగొట్టకుండా తిప్పి పంపుతుంది. కంటికి అదే మెరుపుగా కనిపిస్తుంది. ఏ మిషన్ కొనాలి, ఏ ప్యాడ్ పట్టుకోవాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి అని కొత్తగా మొదలుపెట్టేవారికి వచ్చే సందేహాలన్నీ ఈ అరుగుదల లెక్కతోనే తీరతాయి.

పొరల లెక్క

ఫ్యాక్టరీలో కారు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలు పడతాయి. అడుగున ఉండేది తుప్పు పట్టనివ్వని పొర. బాడీని రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు ప్రవహింపజేసి దీన్ని అంటిస్తారు. మందం 20 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. దాని మీద ప్రైమర్ సుమారు 30 మైక్రాన్లు. ఆపైన కారుకు రంగునిచ్చే బేస్ కోట్ 15 నుంచి 20 మైక్రాన్లు. అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు. అన్నీ కలిపినా 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే ఇంచుమించు రెండు తలవెంట్రుకల మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

పాలిష్ పని అంతా ఈ క్లియర్ కోట్ మీదే జరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కింది రంగును కాపాడే రసాయనాలు ఉండేది ఈ పొరలోనే. ఇది మరీ పలుచబడితే రంగు వెలుస్తుంది, పొర పొక్కులుగా లేస్తుంది. టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేచిన పాత కార్లకు జరిగింది ఇదే. ఆ దశకు చేరిన పెయింటును ఏ పాలిషూ బాగు చేయలేదు, మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

తొలినాళ్ల కార్లకు క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగు పొరే పైపొర. 1920లలో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ సంస్థలు వాడకంలోకి తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకరు స్ప్రే చేసిన వెంటనే పూర్తిగా మెరిసేది కాదు. రాపిడి రేణువులుండే కాంపౌండుతో రుద్దితేనే నిగారింపు వచ్చేది. రబ్బింగ్ కాంపౌండు షెడ్లలో స్థిరపడింది ఆ రోజుల్లోనే. ఇప్పటికీ కొన్ని కార్ల సాదా రంగులు క్లియర్ కోట్ లేకుండానే వస్తాయి. ఒక మూల తెల్లటి గుడ్డతో కొద్దిగా పాలిష్ రుద్దితే తేడా తెలుస్తుంది. కారు రంగు గుడ్డకు అంటితే అది ఒకే పొర పెయింటు. తెల్ల కారైతే నల్లటి గుడ్డతో చూడాలి.

గీత ఎందుకు కనిపిస్తుంది

కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఉపరితలంలోని ఎగుడుదిగుడు ఆ తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుకన్నా తక్కువగా ఉంటే వెలుగు దాన్ని నునుపుగానే లెక్కిస్తుంది. దీనికి రేలీ ప్రమాణం అని పేరు. ఆకుపచ్చ వెలుగుకు ఈ హద్దు 0.07 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. గీత అంతకంటే లోతైతే దాని అంచులు వెలుగును పక్కలకు చిమ్ముతాయి. అలాంటి సన్న గీతలు వేలకొద్దీ చేరితే రంగు మసకబారి, నలుపు బూడిద రంగులోకి దిగుతుంది.

రాత్రిపూట వీధి దీపం కింద నల్ల కారును చూస్తే దీపం ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా వలయాలు కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలేవీ గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పరుచుకున్న గీతల్లో, దీపానికీ కంటికీ సరైన కోణంలో అడ్డంగా ఉన్నవే తళుక్కుమంటాయి. మిగిలినవి కనిపించవు. అందుకే దీపం జరిగితే వలయాలూ దానితోపాటే జరుగుతాయి. పాలిష్ చేసేవారు ఎల్‌ఈడీ టార్చి పట్టుకుని ఏటవాలుగా చూసేది ఈ కారణంగానే.

లక్క బొమ్మ, కారు బానెట్

పాలిష్ అంటే అసలు ఏం జరుగుతుందన్నది శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్న విషయం. 1704లో వెలువడిన 'ఆప్టిక్స్'లో న్యూటన్ దీన్ని సూక్ష్మమైన గోకుడుగానే వివరించాడు. రాపిడి పొడి గాజు మీది గరుకును అరగదీస్తుంది, మిగిలే గీతలు కంటికి ఆననంత సన్నగా మారతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ బీల్బీ మరో మాట చెప్పాడు. పాలిష్ చేసేటప్పుడు పై పదార్థం ద్రవంలా జారి గుంటలను పూడుస్తుందని ఆయన వాదన. 1937లో బౌడెన్, హ్యూజ్ చేసిన ప్రయోగాలు రాపిడి వేడికి పైపొర కరగడానికి ఇందులో పెద్ద పాత్ర ఉందని చూపాయి. అయితే లోహాల పాలిష్‌లో అసలు పని సన్నటి కోతదేనని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

జారి సర్దుకోవడం, కోత అనే ఈ రెండు పద్ధతులకూ అనకాపల్లి జిల్లాలోనే ఉదాహరణలున్నాయి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి బొమ్మలు చేస్తారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గిరగిర తిరిగే కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్ర మీద పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తి నిగ్గు తేలుస్తారు. లక్క 80 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగే పదార్థం. అక్కడ వేడే పనిముట్టు, మెరుపు వచ్చేది పదార్థం జారి సర్దుకోవడం వల్ల.

కారు క్లియర్ కోట్ స్వభావం వేరు. ఫ్యాక్టరీలో 140 డిగ్రీల ప్రాంతంలో కాల్చినప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోతాయి. అలా ఒకసారి గట్టిపడ్డ పొర మళ్లీ వేడి చేస్తే కరగదు. మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే పాడవుతుంది. కాబట్టి వేడి పెంచితే గీతలు కరిగి పూడతాయని అనుకోవడం పొరపాటు. గీత లోతు ఎంతో, దాని చుట్టూ ఉన్న పొరను అంత మేరా అరగదీస్తేనే గీత పోతుంది. లక్కకు మేలు చేసే వేడి ఇక్కడ అదుపులో ఉంచవలసిన ప్రమాదం.

గీతలు ఎక్కడి నుంచి వస్తాయి

ఎక్కువ గీతలు రోడ్డు మీద పడవు, తుడిచేటప్పుడు పడతాయి. ఉదాహరణకు, అనకాపల్లిని ఆనుకుని శారదా నది వైపున్న తుమ్మపాల, సహకార చక్కెర కర్మాగారంతో పేరు తెచ్చుకున్న ఊరు. చుట్టుపక్కలంతా చెరకు పొలాలు, బెల్లం వండే పొయ్యిలు. పొయ్యిలో మండేది ఎండిన చెరకు పిప్పి. గాలికి లేచే ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. సంక్రాంతికి అటూ ఇటూ బెల్లం సీజన్లో కారు మీద వాలిన ఈ బూడిదను పొడి గుడ్డతో తుడిస్తే క్లియర్ కోట్‌ను ఉప్పుకాగితంతో రుద్దినట్టే. దీనికితోడు 16వ నంబరు జాతీయ రహదారి దుమ్ము, లారీల బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, రైలు మార్గం వెంట లేచే ఇనుప రేణువులు ఉంటాయి. ఈ రేణువులు పెయింటులో గుచ్చుకుని, సముద్రం మీది నుంచి వచ్చే తేమ గాలికి తుప్పు పట్టి, తెల్ల కార్ల మీద నారింజ రంగు చుక్కలుగా తేలతాయి.

బోరు నీటి మరకలు ఇంకో రకం. నీళ్లు ఎండలో ఆరిపోతే అందులోని కాల్షియం లవణాలు తెల్లటి గుండ్రాలుగా మిగులుతాయి. ఎక్కువ రోజులు వదిలేస్తే మరక అడుగున గుంట పడుతుంది. పక్షుల రెట్టలు, చెట్ల జిగురు కూడా ఇలాగే లోపలికి తింటాయి. పొద్దున్నే ఒకే బకెట్టు నీళ్లలో ముంచిన గుడ్డతో కారంతా తుడవడం, మెరుపు కోసం డీజిల్ పూయడం, ఆటోమేటిక్ బ్రష్షుల కింద కడిగించడం గీతలను పెంచే అలవాట్లు.

రోటరీ, డ్యుయల్ యాక్షన్

పాలిషింగ్ మిషన్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. రోటరీ మిషన్‌లో ప్యాడ్ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. డ్యుయల్ యాక్షన్, క్లుప్తంగా డీఏ, మిషన్‌లో ప్యాడ్ చిన్న కక్ష్యలో ఊగుతూ, తన చుట్టూ తాను కూడా స్వేచ్ఛగా తిరుగుతుంది.

రెండింటికీ తేడా లెక్కలో తెలుస్తుంది. 180 మిల్లీమీటర్ల ప్యాడ్‌ను రోటరీ నిమిషానికి 1500 సార్లు తిప్పితే ప్యాడ్ అంచు వేగం సెకనుకు 14 మీటర్లు దాటుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగమన్నమాట. 15 మిల్లీమీటర్ల కక్ష్య ఉన్న డీఏ నిమిషానికి 4500 సార్లు ఊగినా ఆ ఊపు వేగం సెకనుకు 3.5 మీటర్లే. పైగా గట్టిగా నొక్కితే డీఏ ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. రోటరీ మాత్రం ఎంత నొక్కినా తిరుగుతూనే ఉంటుంది, ఒకే చోట క్షణాల్లో వేడి పుట్టిస్తుంది. అంచుల మీద ఏమరుపాటుగా ఉంటే రోటరీ రంగు దాకా తినేస్తుంది. అనుభవం లేని చేతిలో అది మబ్బు మబ్బుగా సుడుల మచ్చలు కూడా మిగులుస్తుంది. ఎండలో చూస్తేనే అవి బయటపడతాయి.

రోటరీ లోతైన గీతలను త్వరగా తీస్తుందన్నది నిజమే. కానీ నేర్చుకునేవారికి డీఏ సరిపోతుంది. కక్ష్య 8 మిల్లీమీటర్ల నుంచి 21 మిల్లీమీటర్ల వరకూ ఉండే మిషన్లు దొరుకుతాయి. బానెట్ లాంటి చదునైన చోట పెద్ద కక్ష్య పని తగ్గిస్తుంది. వంపులు ఎక్కువున్న చోట చిన్న కక్ష్య అదుపులో ఉంటుంది. మొదటి మిషన్‌గా 15 మిల్లీమీటర్లది, దానికి ప్యాడ్‌ను అంటించే 125 మిల్లీమీటర్ల పళ్లెం తీసుకోవడం మధ్యేమార్గం.

ప్యాడ్, కాంపౌండు

కోసే పని కాంపౌండులోని రాపిడి రేణువులది. ఇవి ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 9, వజ్రానిది 10. కొన్ని కాంపౌండుల్లో రేణువులు పని సాగేకొద్దీ చిన్న ముక్కలవుతాయి. అలాంటివాటిని చెప్పినంతసేపూ నడపాలి, మధ్యలో ఆపితే మసక మిగులుతుంది. మరికొన్నిటిలో రేణువు మొదటి నుంచి చివరి దాకా ఒకే పరిమాణంలో ఉంటుంది. ఏ రకమో సీసా మీది సూచనల్లో చూసుకోవాలి.

ప్యాడ్లలో ఉన్ని ఎక్కువగా కోస్తుంది, ఆ తర్వాత మైక్రోఫైబర్, గట్టి ఫోము, చివరికి మెత్తటి ఫోము. ఫోము రంగుల్లో అందరికీ ఒకే నియమం లేదు. ఒక కంపెనీ నారింజ ప్యాడ్ ఇంకో కంపెనీ నారింజ ప్యాడ్‌తో సమానమని అనుకోకూడదు. మధ్యరకం ఫోము ప్యాడ్లు, సన్నరకం పాలిష్ ఒకటి, కాస్త గరుకైన కాంపౌండు ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. ప్యాడ్లు మాత్రం కారుకు నాలుగైదు ఉండాలి. కాంపౌండు, అరిగిన క్లియర్ కోట్ పొడి నిండిన ప్యాడ్ కోయదు, వేడెక్కుతుంది. ప్రతి భాగం తర్వాత ప్యాడ్‌ను బ్రష్షుతో దులపాలి.

పాలిష్‌కు ముందు

కారు మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా ప్యాడ్ కింద పడి కొత్త గీతలు గీస్తుంది. అందుకే మిషన్ పట్టేకన్నా ముందు జరిగే శుభ్రతకే ఎక్కువ సమయం పడుతుంది.

మొదట నీటి ధారతో మట్టిని వదిలించాలి. తర్వాత రెండు బకెట్ల పద్ధతి. ఒక దానిలో కారు షాంపూ, మరో దానిలో మామూలు నీళ్లు. గుడ్డను షాంపూలో ముంచి ఒక భాగం కడిగి, మామూలు నీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచాలి. పని పైనుంచి కిందికి సాగాలి, చక్రాలకు వేరే గుడ్డ ఉండాలి. గిన్నెలు తోమే సబ్బు వాడకూడదు.

గుచ్చుకున్న ఇనుప రేణువులకు ఐరన్ రిమూవర్ చల్లాలి. అందులోని థయోగ్లైకొలేట్ ఇనుముతో కలిసి ఊదారంగు తిరుగుతుంది, రేణువు వదులై నీటితో కొట్టుకుపోతుంది. ఘాటు వాసన వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, చేతికి తొడుగు వేసుకుని చల్లాలి. తారు మచ్చలకు తారు కరిగించే ద్రావణం వాడాలి. ఇవన్నీ అయ్యాక పలుచని ప్లాస్టిక్ సంచిలో వేళ్లు పెట్టి పెయింటు మీద నిమిరితే గరుకు ఇంకా ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే క్లే బార్ అనే మెత్తటి ముద్దను షాంపూ నీళ్ల మీద తేలికగా జరపాలి. క్లే కూడా సన్నని మసకను మిగులుస్తుంది కాబట్టి క్లే వాడాక పాలిష్ తప్పనిసరి అని లెక్కలో పెట్టుకోవాలి. క్లే కింద పడితే తుడిచి వాడకూడదు, పారేయాలి.

కారు ఆరాక రబ్బరు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, బాడీ మీది పదునైన మడతలు, డోర్ల అంచుల మీద మాస్కింగ్ టేపు వేయాలి. అంచుల దగ్గర పెయింటు సహజంగానే పలుచన. పెయింటు మందం కొలిచే మీటరు అందుబాటులో ఉంటే ప్రతి భాగంలో నాలుగైదు చోట్ల చూడాలి. రీడింగు 80 మైక్రాన్ల కన్నా తక్కువైతే ఆ చోట పాలిష్ జోలికి పోకపోవడం మంచిది. 200 దాటితే అక్కడ ఎప్పుడో తిరిగి పెయింటు వేశారని, పుట్టీ ఉండవచ్చని అర్థం. షెడ్డులో 60 డిగ్రీల ప్రాంతంలో ఆరబెట్టిన రెండో పెయింటు ఫ్యాక్టరీ పెయింటులా ప్రవర్తించదు, చాలాసార్లు మెత్తగా ఉంటుంది. మామూలు మీటరు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు. ప్లాస్టిక్ వేడిని త్వరగా వదలదు కూడా. కాబట్టి బంపర్ మీద వేగం, ఒత్తిడి రెండూ తగ్గించాలి.

పని సాగే క్రమం

నీడలో, చల్లబడిన కారు మీదే పాలిష్ చేయాలి. వేసవిలో ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి ఆనదు. ఆ వేడికి కాంపౌండు నిమిషంలో ఎండి అట్టకడుతుంది. తెల్లవారుజామునో సాయంత్రమో షెడ్డు కింద పని పెట్టుకోవాలి.

మొదటి పని టెస్ట్ స్పాట్. బానెట్ మీద అడుగున్నర చదరాన్ని టేపుతో గుర్తించి, ఉన్నవాటిలో అన్నిటికన్నా మెత్తని ప్యాడ్, సన్నని పాలిష్‌తో ప్రయత్నించాలి. గీతలు సరిపడా పోతే కారంతటికీ అదే చాలు. పోకపోతే ముందు ప్యాడ్ మార్చాలి, అప్పటికీ పోకపోతేనే కాంపౌండు మార్చాలి. ఒకే రంగు, ఒకే సంవత్సరం మోడల్ అయినా రెండు కార్ల క్లియర్ కోట్ గట్టిదనం ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి పక్కింటి కారు అనుభవం ఇక్కడ కొలబద్ద కాదు.

కొత్త ప్యాడ్ మీద పాలిష్‌ను పలుచగా అంతటా రాయాలి. తర్వాత ప్రతి భాగానికీ బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. మిషన్ ఆపి ఉండగానే ప్యాడ్‌ను పెయింటు మీద ఆనించి, ఆ తర్వాత స్విచ్చి వేయాలి. లేకపోతే పాలిష్ గోడలదాకా చిమ్ముతుంది. తక్కువ వేగంలో పాలిష్‌ను పరిచి, ఆపైన వేగం నాలుగు లేదా ఐదు మీద పెట్టి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున నిదానంగా జరపాలి. వరస మీద వరస సగం ఎక్కేలా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్లీ ఇదే తీరున రెండుసార్లు తిప్పితే ఒక భాగం పూర్తి. మిషన్ బరువుకు తోడు చేతి ఒత్తిడి కొద్దిగా చాలు. ప్యాడ్ పళ్లెం పక్కన మార్కరుతో ఒక గీత పెట్టుకుంటే ప్యాడ్ తిరుగుతోందో, ఉన్నచోటే ఊగుతోందో తెలుస్తుంది. తిరగడం ఆగితే ఒత్తిడి ఎక్కువైందనో, ప్యాడ్ ఒక పక్కకు వాలిందనో అర్థం. వైరును భుజం మీదుగా వేసుకోవాలి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

భాగం పూర్తయ్యాక శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కలిపిన నీళ్లతో మరోసారి తుడవాలి. ఈ రెండో తుడుపు ముఖ్యం. చాలా పాలిష్‌లలో ఉండే నూనెలు, మైనాలు గీతల్లోకి చేరి వాటిని కప్పేస్తాయి. నాలుగు వాష్‌లయ్యాక ఆ గీతలు మళ్లీ తేలతాయి. గంటలో పాలిష్ చేసి ఇచ్చిన కారు నెల తిరక్కుండా మసకబారడానికి మామూలుగా ఉండే కారణం ఇదే. నూనె తీసేశాక టార్చి వెలుగులో కనిపించేదే అసలు ఫలితం.

ఎక్కడ ఆగాలి

గోరు ఆనిస్తే తగులుకునే గీత పాలిష్‌తో పోదు. అది క్లియర్ కోట్‌లో చాలా లోతుకు, ఒక్కోసారి ప్రైమర్ దాకా దిగి ఉంటుంది. దాని అంచులను మొద్దుబార్చి కంటికి ఆనకుండా చేయవచ్చు, అంతవరకే. ప్రతి గీతనూ తీయాలన్న పట్టుదల క్లియర్ కోట్‌ను ఖర్చు చేస్తుంది. రోజూ రోడ్డెక్కే కారుకు పదింట ఏడెనిమిది గీతలు పోయి, మిగతా పొర భద్రంగా ఉంటే అది మంచి పని. సొంత కారు మీద చెయ్యి పెట్టే ముందు ఆటోనగర్ లాంటి చోట దొరికే పాత బానెట్ మీద అభ్యాసం చేయడం ఇంకా మంచిది. అంచు మీద పొర ఎంత తొందరగా పోతుందో దాని మీద నష్టం లేకుండా చూడవచ్చు.

రక్షణ, తర్వాతి సంరక్షణ

పాలిష్ అయిన పెయింటు మీద రక్షణ పొర వేయాలి. బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాటి ఆకుల నుంచి తీసే కార్నోబా మైనం వెచ్చని మెరుపునిస్తుంది, మన ఎండలకు మాత్రం కొన్ని వారాలకు మించి నిలవదు. సింథటిక్ సీలెంట్ నెలల తరబడి ఉంటుంది. సిలికా ఆధారంగా తయారయ్యే సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ దాని కింద మిగిలిన గీతలు అలాగే ఉండిపోతాయి, తేమ ఎక్కువున్న రోజుల్లో వేస్తే మరకలు కడుతుంది. వీటిలో ఏదీ రాయి దెబ్బను ఆపదు. మట్టి అంటకుండా, నీరు నిలవకుండా చూసి, కడగడం తేలిక చేస్తాయి.

క్లియర్ కోట్ ఒకసారి వేసిందే, మళ్లీ పెరగదు. దాన్ని ఏడాదికోసారి అరగదీసే బదులు గీతలు పడకుండా కడగడం నేర్చుకుంటే ఒక్క పాలిష్ ఏళ్లపాటు సరిపోతుంది. కాబట్టి ఈ పని కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి డబ్బును మిషన్ మీద కాకుండా రెండు బకెట్లు, మంచి షాంపూ, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డల మీద పెట్టాలి. బెల్లం బూడిద వాలిన కారును పొడి గుడ్డతో ముట్టుకోకుండా ముందు నీళ్లు పోయడం ఇవాళే అలవాటు చేసుకోవాలి.